ముందుకూ వెనక్కూ మాత్రమేనా మన వ్యాయామ శిక్షణ?

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులు దగ్గరపడగానే విజయవాడ, గుంటూరు నగరాల్లో క్రీడా శిక్షణ శిబిరాల ప్రకటనలు మీ జిల్లా పేజీల్లో వరుసగా కనిపిస్తాయి. ఇక్కడి ఇందిరాగాంధీ స్టేడియంలో గానీ గుంటూరు బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో గానీ, కాలేజీ మైదానాల్లో గానీ, ఎండ ముదరకముందే పిల్లలను వరుసల్లో నిలబెట్టి మొదలుపెట్టే పని దాదాపు ఒక్కటే. మైదానం చుట్టూ పరుగు, ఆ తర్వాత బస్కీలు, దండీలు, సిటప్‌లు, ఓపిక మిగిలితే మళ్లీ పరుగు. బడుల్లో వ్యాయామ పీరియడ్ సంగతీ అంతే, అదీ ఆ పీరియడ్‌ను లెక్కల మాస్టారు తీసుకోకుండా మిగిలిన రోజున. ఉద్యోగ జీవితమంతా డ్రిల్లు మాస్టారుగా పనిచేసినవాడిగా ఈ శిక్షణలోని ఒక వెలితిని మీ పాఠకుల దృష్టికీ, శిబిరాలు నడిపేవారి దృష్టికీ తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. పైన చెప్పిన వ్యాయామాలన్నీ శరీరాన్ని ముందుకూ వెనక్కూ మాత్రమే కదిలించేవి. ఆటలో పిల్లలు మోకాలో నడుమో పాడుచేసుకునేది మాత్రం తరచు పక్కకు అడుగు వేసేటప్పుడు, ఒంటిని తిప్పేటప్పుడు.

బి.పి.ఇడి. అనే వ్యాయామ విద్య డిగ్రీ చదివినవారికి ఇది మొదటి సంవత్సరం పాఠమే అయినా తల్లిదండ్రుల కోసం కొంచెం వివరంగా చెప్పాలి. అరచేతులు ముందుకు ఉండేలా చేతులు కిందికి వదిలి నిటారుగా నిలబడిన మనిషి శరీరం గుండా మూడు ఊహాతలాలు పోతాయి. ముక్కు మీదుగా నిలువునా దిగి శరీరాన్ని కుడి ఎడమలుగా విడదీసేది సాజిటల్ తలం. రెండు చెవుల మీదుగా దిగి ముందు భాగాన్నీ వెనుక భాగాన్నీ వేరుచేసేది ఫ్రంటల్ తలం. నేలకు సమాంతరంగా నడుము దగ్గర సాగి పైభాగాన్నీ కిందిభాగాన్నీ వేరుచేసేది ట్రాన్స్‌వర్స్ తలం. ప్రతి తలంలోని కదలికకూ ఒక అక్షం ఉంటుంది. ఎడ్లబండి చక్రం తిరిగే దిశకు ఇరుసు అడ్డంగా ఉన్నట్టే ఆ అక్షం తన తలానికి ఎప్పుడూ లంబంగా ఉంటుంది. మోచేయి మడిచినప్పుడు ముంజేయి సాజిటల్ తలంలో కదులుతుంది, అక్షం మోచేతి కీలు గుండా ఒక పక్క నుంచి మరో పక్కకు పోతుంది. చేతిని పక్కకు ఎత్తితే కదలిక ఫ్రంటల్ తలంలో ఉంటుంది, అక్షం భుజం గుండా ముందు నుంచి వెనక్కు పోతుంది. తలను కుడికీ ఎడమకూ తిప్పితే కదలిక ట్రాన్స్‌వర్స్ తలంలో, అక్షం నడినెత్తి నుంచి మెడ గుండా నిలువుగా ఉంటుంది.

శరీరం మొత్తం గాలిలోకి లేచినప్పుడు ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పిల్లిమొగ్గ వేసే పిల్లవాడు కుడి నుంచి ఎడమకు పోయే అక్షం చుట్టూ, చేతుల మీదుగా పక్కకు చక్రంలా దొర్లే కార్ట్‌వీల్ వేసే పిల్ల కడుపు నుంచి వీపుకు పోయే అక్షం చుట్టూ, నిలబడి గిర్రున తిరిగే పిల్ల తల నుంచి పాదాల దాకా దిగే నిలువు అక్షం చుట్టూ తిరుగుతారు. 2016 రియో ఒలింపిక్స్‌లో మన జిమ్నాస్ట్ దీపా కర్మాకర్ వేసిన ప్రొదునోవా వాల్ట్‌లో చేతులతో బల్లను తోసి లేచిన తర్వాత ముందుకు రెండు పల్టీలు ఉంటాయి; అదంతా మొదటి అక్షం చుట్టూ సాగే పని. ఆమె 15.066 పాయింట్లతో నాలుగో స్థానంలో నిలిచి, 0.150 తేడాతో కాంస్యానికి దూరమైంది. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్‌కు ఎదురైన ఇబ్బంది మూడో అక్షానికి సంబంధించినది. గాలిలో మెలి తిరుగుతుండగా తన శరీరం ఎటు ఉందో తెలియని స్థితి రావడంతో ఆమె పలు పోటీల నుంచి తప్పుకుంది. చివరికి బీమ్ అనే సన్నటి దూలం మీది పోటీకి వచ్చినప్పుడు దిగేటప్పటి మెలికను మానేసి, మెలి లేని రెండు పల్టీలతో దిగి కాంస్యం గెలిచింది. ఒక అక్షం మీద నమ్మకం పోయినా మరో అక్షం మీద ఆమెకు పట్టు అలాగే ఉంది. ఒక దిశలో సంపాదించిన నేర్పు మరో దిశకు దానంతట అదే రాదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఈ దృష్టితో మన బడుల్లో ఖేలో ఇండియా పేరిట జరిపే దారుఢ్య పరీక్షలను చూడండి. నాలుగో తరగతి నుంచి పై తరగతుల పిల్లలకు ఎత్తు బరువులు కొలిచాక పెట్టే అంశాలు 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు, కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగి అందుకోవడం, సగం వరకు లేచే సిటప్‌లు, పుషప్‌లు. అన్నీ సాజిటల్ తలంలోనివే. విచిత్రమేమిటంటే ఒకటి నుంచి మూడు తరగతుల చిన్నపిల్లలకు ఒంటికాలి మీద పక్కలకు ఒరగకుండా నిలబడే ఫ్లమింగో పరీక్ష ఉంది, బల్ల మీద రెండు పళ్లేలను చేత్తో అటూ ఇటూ తాకే పరీక్ష కూడా ఉంది. అంటే ఏడెనిమిదేళ్ల పిల్లల దగ్గర పక్క కదలికను కొలుస్తున్నాం, కబడ్డీ, ఖోఖో, బాస్కెట్‌బాల్ నిజంగా ఆడే వయసు వచ్చేసరికి దాన్ని వదిలేస్తున్నాం. పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగాలకు సాధన చేసే యువకులు తెల్లవారుజామున మైదానాల్లో కనిపిస్తారు. వారికి కావలసిందీ 1600 మీటర్ల పరుగు, 100 మీటర్ల పరుగు, లాంగ్‌జంప్. ఏది కొలుస్తారో దాన్నే నేర్పడం శిక్షకుల సహజ ధోరణి కాబట్టి నేను వారిని పూర్తిగా తప్పుపట్టలేను.

పరుగులో కూడా తుంటి పక్కకు జారకుండా నిలబెట్టే కండరాలు పనిచేస్తాయనీ, భుజాలూ కటి భాగమూ ఒకదానికొకటి ఎదురుగా తిరుగుతూనే ఉంటాయనీ ఎవరైనా అనవచ్చు. నిజమే, ఏ సహజమైన కదలికా ఒక్క తలంలోనే ఇమడదు. అయితే ఆ కండరాలకు పరుగులో పడే భారం వేరు, వేగంగా వస్తూ ఒక్క కాలి మీద ఆగి పక్కకు తెంపుకుపోయేటప్పుడు పడే భారం వేరు. ముందు వెనుకల శిక్షణ పనికిరాదనడమూ నా ఉద్దేశం కాదు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఆ బార్ నేల మీది నుంచి తల మీదికి పోయే దారి దాదాపు అంతా సాజిటల్ తలమే. వెయిట్‌లిఫ్టర్‌కు అది సరిపోతుంది. ఫాస్ట్ బౌలర్‌కు చాలదు.

ఫాస్ట్ బౌలింగ్ గురించి కొంత ఎక్కువ చెప్పవలసి ఉంది, ఎందుకంటే మన దగ్గర శిబిరాల్లో చేరే మగపిల్లల్లో ఎక్కువమంది క్రికెట్ కోసమే వస్తారు, వచ్చినవారిలో ఎక్కువమంది వేగంగా వేయాలనే అనుకుంటారు. బంతి విడిచే ముందు ముందుకాలు నేలను తాకే క్షణంలో నేల నుంచి ఆ కాలి మీద పడే బలం శరీర బరువుకు ఐదారు రెట్లు దాకా ఉంటుంది. సరిగ్గా అదే క్షణంలో వెన్ను వెనక్కు వంగి ఉంటుంది, పక్కకు ఒరుగుతుంది, పైగా మెలి తిరుగుతుంది. మూడు తలాల్లోని భారమూ నడుము కింది పూసల మీద ఒకేసారి పడుతుంది. ఆ ఐదు పూసల కీళ్ల అమరిక ముందుకూ వెనక్కూ వంగడానికి అనువుగా ఉంటుంది, తిరగడానికి అడ్డుపడుతుంది. ఐదూ కలిసి ఒక పక్కకు తిరిగేది పది డిగ్రీలకు అటూ ఇటూగానే. దానికి మూడు రెట్ల దాకా తిరిగేది ఛాతీ వెనకనున్న పన్నెండు పూసల భాగం, ఆ పైన తిరిగేవి తుంటి కీళ్లు. అయినా మన మైదానాల్లో వినిపించే కేక "నడుము తిప్పరా" అనే. తుంటినీ ఛాతీనీ తిప్పడం నేర్పకుండా నడుమును తిప్పమంటే పిల్లవాడు తిరగని చోటే తిప్పడానికి ప్రయత్నిస్తాడు.

ఇందులో మరీ ప్రమాదకరమైనది మిశ్రమ పద్ధతి. వెనకకాలు ఆనినప్పుడు భుజాలూ తుంటీ రెండూ పక్కకు తిరిగి ఉంటే ఒక పద్ధతి, రెండూ బ్యాటరుకు ఎదురుగా ఉంటే మరో పద్ధతి. రెంటితోనూ పెద్ద చిక్కు లేదు. తుంటీ భుజాలూ వేర్వేరు దిశల్లో ఉంటే వెనకకాలికీ ముందుకాలికీ మధ్య ఉన్న ఆ కొద్ది వ్యవధిలో భుజాలు ఎదురుదిశలో మరింతగా తిరగవలసి వస్తుంది. ఈ ఎదురు తిరుగుడు ఎక్కువగా ఉన్న యువ బౌలర్లలో నడుము పూసల వెనుక భాగంలోని సన్నటి ఎముక పగుళ్లు ఎక్కువని క్రీడా వైద్యులు దశాబ్దాలుగా చెబుతున్నారు. కుడిచేతి బౌలర్‌కు ఈ పగులు సాధారణంగా ఎడమ పక్కన వస్తుంది. నగరంలోని ఒక శిక్షణ కేంద్రంలో చేరిన, నాకు తెలిసిన ఒక పద్నాలుగేళ్ల అబ్బాయి నడుము నొప్పి అంటే పొట్ట బలహీనంగా ఉందని చెప్పి సిటప్‌లు పెంచారు. ఎముక పగిలిందేమో చూడకుండా మళ్లీ మళ్లీ వెన్ను వంచే వ్యాయామం చేయించడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. పెరిగే వయసు బౌలర్‌కు నడుము ఒక పక్కన నొప్పి వస్తే, ముఖ్యంగా వెనక్కు వంగినప్పుడు పెరిగితే, బౌలింగ్ ఆపి ఎముకల వైద్యుడికి చూపించాలి. సాధారణ ఎక్స్‌రేలో ఈ పగులు తొలిదశలో కనబడకపోవచ్చునని కూడా తల్లిదండ్రులు తెలుసుకోవాలి.

పెద్ద ఆటగాళ్లకే ఇది తప్పలేదు. జస్‌ప్రీత్ బుమ్రా 2019లో నడుము ఎముక పగులుతో జట్టుకు దూరమయ్యాడు, వెన్ను సమస్యతోనే 2022 టీ20 ప్రపంచకప్‌ను కోల్పోయాడు, 2023లో న్యూజిలాండ్ వెళ్లి శస్త్రచికిత్స చేయించుకున్నాడు. అంతకు చాలా ముందు, 1973లో వెస్టిండీస్ పర్యటనలో ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ డెనిస్ లిల్లీకి ఇదే గతి పట్టింది. ఆయన నెలల తరబడి వ్యాయామం చేసి, తన పరుగునూ బౌలింగ్ తీరునూ సరిదిద్దుకుని 1974-75 యాషెస్ సిరీస్‌కు తిరిగి వచ్చాడు. ఆ లిల్లీయే 1987 నుంచి చెన్నైలోని పేస్ ఫౌండేషన్‌లో మన దేశపు కుర్రాళ్లకు ఏళ్ల తరబడి పాఠం చెప్పాడు. ఒక్క రాత్రి రైలు ప్రయాణం దూరంలో ఇంత జ్ఞానం ఉండగా మన చిన్న ఊళ్ల నెట్స్‌లోకి అది ఎందుకు చేరలేదో నాకు అంతుపట్టదు.

బ్యాడ్మింటన్‌లో మరో రకం పొరపాటు నడుస్తోంది. గుంటూరులో ఆట మొదలుపెట్టిన కిడాంబి శ్రీకాంత్ 2018లో ప్రపంచ నంబర్ వన్ అయి, 2021 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో రజతం గెలిచిన తర్వాత మన రెండు నగరాల్లోనూ షటిల్ నేర్చుకునే పిల్లలకు కొదవ లేదు. స్మాష్ కొట్టేటప్పుడు మణికట్టు విరవమని చాలామంది నేర్పుతారు. నిజానికి షటిల్‌కు వేగాన్నిచ్చేవాటిలో ముఖ్యమైనవి మోచేతి నుంచి మణికట్టు దాకా ముంజేయి తన నిలువు అక్షం చుట్టూ లోపలికి తిరగడం, దానికి ముందు దండచేయి కూడా అలాగే లోపలికి తిరగడం. తాళంచెవి తిప్పేటప్పుడు ముంజేయి చేసేది కూడా ఈ కదలికే. మణికట్టును మాత్రమే ముందుకు విసిరే పిల్లలు రాకెట్ వేగం రాక, మోచేయి బయటి పక్కన నొప్పితో వస్తారు.

కబడ్డీ, ఖోఖో, బాస్కెట్‌బాల్ ఆడే పిల్లల విషయంలో భయపడవలసింది మోకాలి గురించి. మోకాలు ప్రధానంగా మడవడానికీ చాపడానికీ ఏర్పడిన కీలు, పక్కకు పోవడానికి దానికి చోటు లేదు. పాదం నేలకు అంటుకుపోయి ఉండగా తొడ లోపలికి తిరిగి, మోకాలు లోపలికి కుంగితే కీలు లోపల ముందువైపున ఉండే స్నాయువు (ఏసీఎల్) తెగవచ్చు. ఎవరూ తగలకుండానే, ఎవరూ తోయకుండానే ఇది జరుగుతుంది. ఒకే ఆట ఆడినప్పుడు అబ్బాయిలకంటే అమ్మాయిల్లో ఈ గాయం ఎక్కువ. కబడ్డీలో కార్నర్ డిఫెండర్ చీలమండ పట్టుకుని పాదాన్ని కదలనివ్వనప్పుడు రైడర్ గీత వైపు ఒళ్లు తిప్పితే ఆ తిప్పుడంతా మోకాలి మీదే పడుతుంది. మట్టి కోర్టులో పాదం కొంత జారేది, మ్యాట్ మీద బూటు అలా జారదు. మ్యాట్లు రావడం మంచిదే, కానీ వాటితోపాటు దిగే తీరు, ఆగే తీరు నేర్పడం కూడా రావలసింది.

ఇందుకు ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. ఫుట్‌బాల్ కోసం ఫిఫా 2006లో రూపొందించిన "11+" అనే సన్నాహక వ్యాయామాల క్రమంలో పక్కలకు అడుగులు, ఒంటికాలి గెంతులు, పక్కకు తిరిగి మోచేతి మీద ఒంటిని ఆపడం, మోకాలు లోపలికి కుంగకుండా దిగడం ఉన్నాయి. మొత్తం 20 నిమిషాల పని. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల బాలికలు దాదాపు 1,900 మంది మీద జరిపి 2008లో ప్రచురించిన పరిశీలనలో ఈ క్రమం పాటించిన జట్లలో మొత్తం గాయాలు సుమారు మూడో వంతు, తీవ్రమైన గాయాలు దాదాపు సగం తగ్గాయి. మన బడుల్లో పీరియడ్ 40 నిమిషాలు. అందులో 10 నిమిషాలు దీనికి కేటాయించడం అసాధ్యమని నేననుకోను.

తిరగడం నేర్పడం ఎంత అవసరమో తిరగకుండా ఆపుకోవడం నేర్పడమూ అంతే అవసరం. విజయవాడ ఆడపిల్ల వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చాక ఇక్కడ విల్లు పట్టే పిల్లలు పెరిగారు. లక్ష్యానికి పక్కగా నిలబడి తాడు వెనక్కు లాగేటప్పుడు లాగే చేయి ట్రాన్స్‌వర్స్ తలంలో కదులుతుంది, ఆ లాగుడుకు మొండెం మాత్రం ఏమాత్రం తిరగకూడదు. రోజూ ఒకే పక్కకు లాగే ఈ పిల్లలకు రెండో పక్క వ్యాయామం కూడా ఇవ్వాలి.

మన పాత ఆటల్లో ఈ సమతూకం ఎవరూ పనిగట్టుకుని పెట్టకుండానే ఉండేది. ఒప్పులకుప్పలో ఇద్దరు పిల్లలు చేతులు పెనవేసి వెనక్కు వాలి తిరిగేటప్పుడు ఆ ఇద్దరి మధ్యా ఉన్న ఖాళీలో ఒక నిలువు అక్షం ఏర్పడుతుంది. కోలాటంలో ఒళ్లు కుడికీ ఎడమకూ తిరుగుతుంది, కర్రసాములో మూడు తలాలూ ఉంటాయి. కూచిపూడి మనకు ఎంతో దూరం లేదు. నర్తకులు సాధన చేసే భ్రమరులను, అంటే గిర్రున తిరిగే కదలికలను, అభినయదర్పణం అనే నాట్యగ్రంథం ఏడు రకాలుగా చెప్పింది. అలాగని పాత ఆటలన్నీ తిరిగి తెస్తే సరిపోతుందని చెప్పేవారితో నేను ఏకీభవించను, ఫాస్ట్ బౌలర్‌ను కోలాటం కాపాడదు. యోగా విషయంలోనూ ఎంపిక అవసరం. సూర్యనమస్కారాలు ఎన్ని చేసినా ముందుకు వంగడం, వెనక్కు వంగడమే. యోగా దినోత్సవం నాడు దేశమంతటా చేయించే ఉమ్మడి క్రమంలో పక్కకు వంగే త్రికోణాసనం, మెలి తిరిగే వక్రాసనం రెండూ ఉన్నాయి. జూన్ 21 గడిచాక వాటిని మరచిపోతున్నాం.

సీబీఎస్‌ఈ వ్యాయామ విద్య పుస్తకంలో తలాలూ అక్షాలూ పాఠంగానే ఉన్నాయి. పిల్లలు మూడు పేర్లూ బట్టీపట్టి మార్కులు తెచ్చుకుంటున్నారు, సాయంత్రం మైదానంలో అదే పిల్లలు ఒక్క తలంలోనే కదులుతున్నారు. తరగతి గదికీ మైదానానికీ మధ్య ఉన్న ఈ గోడను తీయవలసింది వ్యాయామ ఉపాధ్యాయులే. నాగార్జున విశ్వవిద్యాలయంలో వ్యాయామ విద్యా కళాశాల ఉంది. వేసవి శిబిరాలు మొదలయ్యేలోపు శిక్షకులకు అక్కడ ఒక్క రోజు పునశ్చరణ పెట్టడానికి నగరపాలక సంస్థలూ జిల్లా క్రీడాధికారులూ పూనుకోవాలని కోరుతున్నాను. పాఠశాల దారుఢ్య పరీక్షల్లో పక్క కదలికకు చోటిచ్చే వరకు ప్రధానోపాధ్యాయులు తమ స్థాయిలో "టీ" పరుగును చేర్చుకోవచ్చు. దానికి కావలసింది ఇంగ్లిషు "టీ" అక్షరం ఆకారంలో పెట్టిన నాలుగు కోన్లు, ఒక స్టాప్‌వాచ్. ముందుకు 9.14 మీటర్లు పరుగెత్తి, ముఖం తిప్పకుండా ఎడమకు 4.57 మీటర్లు పక్క అడుగులతో పోయి, అక్కడి నుంచి కుడి చివరి దాకా 9.14 మీటర్లు పోయి, మళ్లీ మధ్యకు వచ్చి, వెనక్కు అడుగులు వేస్తూ మొదటి కోన్ చేరాలి. కాళ్లు ఒకదాని మీదుగా ఒకటి పెనవేస్తే ఆ ప్రయత్నం చెల్లదు.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. శిబిరాల ప్రకటనలతోపాటు, అక్కడ శిక్షకుల అర్హతలేమిటో, బౌలింగ్ వేసే పిల్లలకు వయసును బట్టి ఓవర్ల పరిమితి పెడుతున్నారో లేదో కూడా మీ విలేకరులు అడిగి రాస్తే, రుసుము కట్టేముందు తల్లిదండ్రులకు ఉపయోగపడుతుంది.

భవదీయుడు,
విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
సత్యనారాయణపురం, విజయవాడ.